మా బావ పెట్టెకు మూడో తీగ

మా బావ పెట్టె మొదటిసారి మనిషిని కరిచింది ఒక నామకరణంలో. కరిచింది మా బావనే. పెంచుకున్నవాణ్ణి కరవడం కుక్కలు కూడా చేస్తాయి, కాదనను. కాని కుక్క కరిస్తే జనం చప్పట్లు కొట్టి మళ్లీ కరవమని అడగరు.

ముందు పెట్టె సంగతి చెప్పాలి. అది గిటారు ఆంప్లిఫయరు. డెబ్బైల చివర్లో బెంగళూరు కంటోన్మెంటులో పాత సామాన్లు వేలం వేసే హాలు ఒకటి ఉండేది. కాలు విరిగిన పియానోలు, గోడకు తగిలించే జింక తలలు, దొరలు స్నానం చేసి వదిలేసిన తొట్లు, వీటి మధ్య అది మా బావను పేరు పెట్టి పిలిచిందట. ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. ఏ దేశంలో పుట్టిందో తెలియదు, అక్షరాలు చెరిగిపోయాయి. ఒంటి మీద నల్ల తోలు, ముందు బంగారు రంగు గుడ్డ, వెనక వరసగా గాజు వాల్వులు. ఇంటికి తెద్దామని ఆటో వెనక సీట్లో పెడితే ముందు చక్రం గాలిలోకి లేచింది. డ్రైవరు నగర్తపేట దాకా ఆకాశాన్నే చూస్తూ తోలాడు. స్విచ్చి వేస్తే చాలు, వాల్వులు ఎర్రబడి, పెట్టె గొంతు సవరించుకుని, భోంచేసిన పెద్దమనిషిలా గురక మొదలుపెట్టేది. చలికాలంలో మా అక్క దాని వెనక దోసె పిండి పెట్టి పులియబెట్టేది.

మా బావ పగలు పీణ్యలో నీళ్ల పంపులకు మూతలు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. ఆదివారాలు, పెళ్లిళ్ల కాలంలో అన్ని వారాలూ, ఆర్కెస్ట్రాలో కరెంటు గిటారు వాయిస్తూ పాడేవాడు. నేను నగర్తపేటలో రేడియోలు రిపేరు చేసేవాణ్ణి. అంగడి అని బోర్డు ఉండేది కాని, నేను లోపలికి వెళ్లాలంటే నాలుగు రేడియోలు బయటికి రావాలి. అక్కా బావా, నేనూ ఒకే వఠారంలో ఎదురెదురు గదుల్లో ఉండేవాళ్లం. వాళ్లు పోట్లాడుకుంటే మధ్యవర్తికి నడక కూడా అక్కర్లేనంత దగ్గర.

ఇక నామకరణం. బిడ్డ తొట్టిలో ఉంది, చుట్టాలు చాపల మీద ఉన్నారు, మా బావ ఒక చేతి వేళ్లు గిటారు తీగల మీద ఉంచి, పాట ఎత్తుకోవడానికి పెదవులు మైకుకు ఆనించాడు. పెదవికీ మైకుకూ మధ్య నీలంగా ఒక మెరుపు కనిపించింది. ఆ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన స్వరం ఏడు స్వరాల్లోదీ కాదు. వాటి మేనత్త కొడుకు అయి ఉండాలి. మీసం రెండు వైపులా నిటారుగా లేచి, గడియారంలో పది గంటల పది నిమిషాలు చూపించింది. ఆయన వెనక్కి ఎగిరి డ్రమ్ముల్లో కూర్చున్నాడు. జనం అది పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఒక తాత "ఇన్నొమ్మె! ఇన్నొమ్మె!" అని కన్నడంలో, అంటే ఇంకోసారి అని, వేడుకున్నాడు. బిడ్డ పుట్టిన తర్వాత మొదటిసారి నవ్విందని వాళ్లమ్మ సంబరపడింది.

నవ్వనిది మా అక్క ఒక్కతే. ఇంటికి వచ్చాక నన్ను పిలిచి, ఎదుటే కూర్చున్న బావను చూడకుండా, నాతో మాట్లాడింది.

"మీ బావకు చెప్పరా. ఆ పెట్టె గుజరీ అంగడికి పోతాది, పాత ఇనుము కింద."

బావ నాతో అన్నాడు. "మీ అక్కకు చెప్పప్పా. పెట్టె లేకుంటే నా గిటారు ఉండీ లేనట్టే. తీగ మీటితే దోమకు గూడా వినబడదు."

అది నిజమే. కరెంటు గిటారు లోపల డొల్ల ఉండదు, నిండు చెక్క. పెట్టెకు తగిలించకపోతే దానితో సంగీతం కంటే చపాతీలు బాగా వస్తాయి. మా బావకు వారమంతా మూతలు. మూత పెట్టు, తియ్యి, చూడు, పక్కన పెట్టు. ఆదివారం సాయంత్రం ఆ పెట్టె గురక మొదలయ్యాకే ఆయన ఒంట్లోకి మనిషి వచ్చేవాడు. గిటారు పోతే మిగిలేది మూతలే. ఆ సంగతి అక్కకూ తెలుసు. అందుకే తీర్పు కొంచెం సడలించింది.

"సరే. నువ్వు రిపేరుదారుడివి కదరా, దాన్ని కరవకుండా జెయ్యి. చేసినాక నేనే వస్తా. చెప్పులిడిసి, తడి నేల మీద నిలబడి, ఒక చేత్తో ఆ తీగలు, ఇంకో చేత్తో మైకు పట్టుకుంటా. చీమ కుట్టినంత అయినా సరే, పెట్టె గుజరీకి, గిటారు నీళ్లు కాచే పొయ్యిలోకి."

"నువ్వు పట్టుకుంటావా?" అన్నాను, భయపడి.

"మరి? ఆయన పట్టుకుంటే కరిచినా కరవలేదంటాడు."

నామకరణం తర్వాత కూడా ఆయన "గిలిగింతలు పెట్టినట్టు ఉండింది" అనే చెప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం పెట్టె వెనక చెక్క విప్పాను. లోపల తరతరాల బొద్దింకలు శాశ్వత నివాసం ఏర్పరచుకుని ఉన్నాయి. నన్ను చూసి ముసలివి లోపలికి వెళ్లాయి, పడుచువి ఎదురు నిలిచాయి. వాటికి నచ్చజెప్పి చూస్తే జబ్బు ఇట్టే దొరికింది. పెట్టె పుట్టిన రోజుల్లో దానికి రెండే తీగలు ఇచ్చారు. ఒకటి కరెంటు తెస్తుంది, ఇంకొకటి తీసుకుపోతుంది. మధ్యలో దారి తప్పిన కరెంటు ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. పైగా కరెంటు తీగకూ, వాల్వులన్నీ కూర్చునే ఇనుప తట్టకూ మధ్య, గురక తగ్గుతుందని ఒక బుల్లి కెపాసిటర్ పెట్టారు. అది ముసలిదై, కారడం మొదలెట్టింది. కారిన కరెంటు తట్టలోకి, తట్టలోంచి గిటారు తీగల్లోకి, తీగల్లోంచి మా బావ వేళ్లలోకి, వేళ్ల నుంచి పెదవుల దాకా వెళ్లి, మైకును ముద్దుపెట్టుకుంది.

కెపాసిటర్‌ను కత్తిరించి పారేశాను. ఎలుక తోకలాంటి పాత వైరు తీసేసి మూడు తీగల వైరు వేశాను. స్విచ్చీ, ఫ్యూజూ కరెంటు తెచ్చే తీగకే పడేటట్టు చూశాను. ఇక మూడో తీగ, పచ్చది. తట్ట మీద రంగు గీకి, ఇనుము తళతళలాడేదాకా రుద్ది, బోల్టు వేసి బిగించాను. అక్క మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఇదంతా చూస్తూ కూర్చుంది.

"ఆ పచ్చ తీగ ఏం జేస్తాది?"

"ఏమీ చెయ్యదక్కా. ఊరికే ఉంటాది. ఆపద వచ్చినప్పుడే పని."

"మా ఇంట్లో ఇంకొకాయన గూడా అట్లనే ఉండాడు. ఆపద వస్తే ఆయన గూడా కనబడడు."

బావ పేపరు వెనక్కి ఇంకొంచెం జరిగాడు.

మూడు పిన్నుల ప్లగ్గు బిగించి గోడ దగ్గరికి తీసుకెళ్లాను. గోడలో సాకెట్టుకు మూడు రంధ్రాలున్నాయి. అనుమానం వచ్చి విప్పి చూస్తే వెనక తీగలు మాత్రం రెండే. మూడో రంధ్రం ఒట్టి అలంకారం, బొమ్మకు ముక్కు పెట్టినట్టు. వఠారమంతా తిరిగి చూశాను, అన్ని ఇళ్లలోనూ అదే ముక్కు. పెళ్లిళ్లు జరిగే ఛత్రాలకు వెళ్లి చూశాను. ఒకచోట మూడో రంధ్రంలో చీమలు కాపురం పెట్టాయి, ఇంకోచోట ఎవరో అగరుబత్తి గుచ్చారు. బెంగళూరు పట్టణంలో నా పచ్చ తీగను చేరదీసే గోడ ఒక్కటీ లేదు.

"మన ఎర్తు మనమే మోసకపోదాం బావా," అన్నాను.

బావ పీణ్యలో ఒక ఇనుప కమ్మిని మొన తేల్చి తయారుచేసుకుని వచ్చాడు. నా ఎత్తు ఉంది. దాన్ని పట్టుకుని సిటీ బస్సు ఎక్కితే కండక్టరు టికెట్టు అడగలేదు, ఏ దేవుడి శూలమో అనుకుని ముందు సీట్లో కూర్చున్న ముగ్గురు లేచి దండం పెట్టినంత పని చేశారు. దానికి తోడు సుత్తి, ఒక సంచి బొగ్గు, ఒక సంచి కల్లుప్పు, బక్కెట. ఎక్కడికి వెళ్తే అక్కడ గుంత తవ్వి, కమ్మి దిగ్గొట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి, నీళ్లతో తడిపి, పచ్చ తీగను దానికి కట్టాలి. నేల తడిగా, ఉప్పగా ఉన్నంతసేపు దారి తప్పిన కరెంటు అందులోకి దిగిపోతుంది. ఒక చెక్క మీద నాలుగు సాకెట్లు బిగించి, గిటారు పెట్టె, మైకు సెట్టు రెండూ దాంట్లోనే తగిలించేటట్టు ఏర్పాటు చేశాను. రెండింటికీ ఎర్తు ఒకటే అయితే వాటి మధ్య తగాదా ఉండదు. వఠారం వెనక పెట్టి చూస్తే అంతా బాగానే ఉంది. అక్క ఒప్పుకోలేదు.

"ఇంట్లో అందరూ మంచోళ్లే. పెండ్లిలో చూపించు."

పెళ్లి బెంగళూరు పక్కనున్న దేవనహళ్ళిలో వచ్చింది. కోట గోడకు కాస్త ఇవతల, ఖాళీ జాగాలో చప్పరం వేశారు. సాయంత్రం ఆరతక్షతె, అంటే వధూవరులు కుర్చీల్లో కూర్చుని నవ్వుతూ ఉంటే ఊరంతా వచ్చి అక్షింతలు వేసి భోంచేసి వెళ్తుంది. మా ఆర్కెస్ట్రా వేదిక ఒక పక్క, వధూవరుల కుర్చీలు ఇంకో పక్క. నేను చప్పరం వెనక మెత్తటి చోటు చూసుకుని గుంత తవ్వాను. కమ్మి దిగ్గొట్టాను, బొగ్గు పోశాను, ఉప్పు చల్లాను. నోట్లో బోల్టులు పెట్టుకుని ఉన్నందువల్ల, సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా "హ్రూం... హ్రూం..." అనే శబ్దం తప్ప నాలోంచి మరేమీ రాలేదు. పచ్చ తీగను ఎవరి కాళ్లకూ తగలకుండా వధూవరుల కుర్చీల కిందుగా లాగి, మా వేదిక దాకా తెచ్చాను. నా దృష్టిలో అది చాలా పొందికైన పని. వెనకాల నుంచి ఎవరైనా చూస్తున్నారేమోనన్న ఆలోచన నాకు రాలేదు.

అన్నీ తగిలించి, కరెంటు తగిలితే వెలిగే టెస్టరు గిటారు తీగల మీద పెట్టి చూశాను. వెలగలేదు. మైకు మీద పెట్టాను. వెలగలేదు. నిశ్చింతగా కాఫీ తాగాను.

అక్క బెంగళూరు నుంచి వచ్చి, బస్సు దిగి నేరుగా వేదిక దగ్గరికి వచ్చింది. చెప్పులు విడిచింది. వేదిక కింద నేల మీద చెంబుడు నీళ్లు కుమ్మరించి, తడిసిన చోట నిలబడి, కొంగు దోపుకుని, చెయ్యి చాపింది.

"ఇయ్యమను."

బావ గిటారు ఇవ్వబోయాడు. ఇన్నేళ్ల రిపేరు అలవాటు కొద్దీ నేను ఇంకోసారి టెస్టరు తీగల మీద పెట్టాను. అది ఎర్రగా, హాయిగా వెలిగింది.

"ముట్టుకోవద్దక్కా!" అని అరిచి బోర్డు స్విచ్చి ఆర్పేశాను. పెట్టె తప్పు కాదు, దాన్ని నేను బాగుచేశాను. మైకు సెట్టువాడి ముసలి మిషను కారుతోంది, అది ఉమ్మడి పచ్చ తీగలోంచి గిటారులోకి వచ్చింది. కారితే కారనీ, కమ్మిలోకి పోవాలి కదా! ఎందుకు పోలేదు?

పచ్చ తీగ పట్టుకుని బయలుదేరాను. కుర్చీల కింద దూరి, చప్పరం గుడ్డ ఎత్తి, అవతలికి తల బయటపెట్టాను. నా గుంత చుట్టూ సగం పెళ్లి ఉంది. జరీ తలపాగా పెట్టిన పెళ్లికొడుకు మేనమామ, పట్టుబడిన పామును పట్టుకున్నట్టు, తీగ కొస పట్టుకుని నిలబడ్డాడు. పీకేసిన కమ్మి అరిటాకు మీద పడుకోబెట్టి ఉంది. దాని పక్కన పెళ్లికూతురి అవ్వ. నా మోకాలి ఎత్తు ఉంటుందేమో, కాని గొంతు మా ఆంప్లిఫయరు కంటే పెద్దది. ఎవరో "హ్రూం" అంటూ గుంత తవ్వడం వెనక నుంచి చూసింది ఆవిడే.

"చూసినారా! ఉప్పు, బొగ్గు, ఇనుము!" అంటున్నాడు మేనమామ. "మావోణ్ణి కట్టేసేదానికి తీగ గూడా లాగినారు. నేరుగా కుర్చీ కిందికి!"

"మీవోణ్ణి కట్టేసేదానికి మంత్రం యాల? మా పిల్ల ఒక్క చూపు చూస్తే సాలు," అంది అవ్వ. "మీరే పూడ్చింటారు, మా పిల్ల నోరు కట్టేదానికి."

"మీ పిల్ల నోటికి ఇంత సన్న కమ్మి యాడ సాలుతాది?"

పరిస్థితి చెయ్యి దాటుతోందని, నేను తల ఇంకా చప్పరం కిందే ఉండగా నిజం చెప్పేశాను.

"అవ్వా, అది నాది."

అందరూ నా వైపు తిరిగారు.

"ఎవురప్పా నువ్వు? పిల్ల తట్టా, పిల్లోని తట్టా?"

"యా తట్టూ కాదవ్వా. ఆర్కెస్ట్రా."

"ఆర్కెస్ట్రావోనికి మంత్రాలెందుకు?"

"మంత్రం కాదవ్వా, ఎర్తు. దారి తప్పిన కరెంటు ఈ కమ్మిలో దిగి భూమిలోకి పోతాది."

మేనమామ ముందుకు వంగాడు. "పోతే? కింద తీసుకునేదానికి ఎవురుండారు?"

రేడియో పరీక్షల్లో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఎవురూ లేరు. భూమే తీసుకుంటాది," అన్నాను.

"విన్నారా! భూమికి ఇస్తా ఉండాడంట!" అన్నాడు మేనమామ. వెనక నుంచి ఎవరో "బలి" అన్నారు. ఆ మాట గుంపులో అటు చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చేసరికి దాంతోపాటు ఒక నల్ల కోడిపుంజు కూడా చేరింది. నేను సంచిలో కోడిని దాచానట. సంచి తెచ్చి దులిపారు, బొగ్గు రాలింది. కోడిని కాల్చేశానన్నారు.

అప్పుడు మా అక్క వచ్చింది, తడి కాళ్లతో, దోపిన కొంగుతో. సంగతి రెండు ముక్కల్లో విని, నన్ను పక్కకు నెట్టి, అవ్వ ముందు కూర్చుంది.

"అవ్వా, ఈ కమ్మి మీ పిల్లోనికీ కాదు, మీ పిల్లకీ కాదు. నాది. మా ఆయన ఆడ కరెంటు ముట్టుకోని పాడతాడు. పోయినసారి నా కండ్ల ముందరే ఎగిరి పడినాడు. ఈ కమ్మి నేలలో ఉంటే మనిషి ఇంటికొస్తాడు, లేకుంటే రాడు. అంతే అవ్వా. ఇంక నాకేం తెలీదు."

అవ్వ అక్కను మొహం నుంచి తడి కాళ్ల దాకా చూసింది. తర్వాత నన్ను చూసింది, ఇంత చదివి నువ్వు చెప్పిందేమిట్రా అన్నట్టు.

"అట్లయితే ఇది తాళి సంగతి."

"అవునవ్వా."

"మొదులే అట్ల చెప్పల్ల కదా! ఒట్టి కమ్మి పెడతారా? పసుపు లేదు, కుంకుమ లేదు. యాడికి పోయినా మొగోళ్లు జేసే కెలసం ఇంతే." అని లేచి కేక వేసింది. "ముత్తైదువలు రాండమ్మా! నీళ్లు తెండి!"

ఆ తర్వాత దేవనహళ్ళిలో జరిగినంత ఎర్తింగు కర్ణాటకలో ఏ కరెంటు ఆఫీసులోనూ జరిగి ఉండదు. మేనమామ, తమ తట్టు వెనకబడిపోతుందని, తలపాగా తీసి పక్కన పెట్టి, కమ్మిని తనే దిగ్గొట్టాడు. భూమి అవతలి వైపు మొన తేలిందేమోనని నాకు అనుమానం. వంటశాలలో ఉన్న ఉప్పు బస్తా మొత్తం ఎత్తుకొచ్చి గుంతలో పోశాడు. వంటాయన వెంటపడి వచ్చి "స్వామీ, రసానికన్నా వదలండి!" అని మొత్తుకున్నాడు. వదల్లేదు. ముత్తైదువలు చెంబులతో వరస కట్టి నీళ్లు పోశారు. అవ్వ కమ్మికి నిలువెల్లా పసుపు పూయబోతే కాళ్లా వేళ్లా పడ్డాను. తీగ కట్టే చోట ఇనుము శుభ్రంగా ఉండాలి, పసుపు అడ్డం వస్తే కరెంటు దిగదు.

"దేవునికి మొకం వదిలేసి మెడకు పెట్టమంటావా?"

"అవ్వా, ఈ దేవునికి మొకంలోనే పని."

ఆవిడ నన్ను జాలిగా చూసి, తలకు నాలుగు వేళ్ల జాగా వదిలింది. అక్కడ గీకి, తీగ బిగించాను.

వేదిక దగ్గరికి తిరిగి వచ్చి స్విచ్చి వేశాను. వాల్వులు ఎర్రబడ్డాయి, పెట్టె గురక అందుకుంది. టెస్టరు పెట్టాను. చీకటి. మళ్లీ పెట్టాను. చీకటే. అక్క తడి నేల మీద నిలబడి చేతులు చాపింది. ఇప్పుడు పెళ్లంతా, రెండు తట్లూ, చూస్తోంది. బావ గిటారు చేతికిచ్చి కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి అడుగుతున్నది అక్క గురించో, పెట్టె గురించో చెప్పలేను. ఇద్దరి గురించీ అయి ఉంటుంది, వరస మాత్రం అడక్కండి.

అక్క ఎడమచేత్తో ఆరు తీగలూ గుప్పిట పట్టింది. కుడిచేత్తో మైకు పట్టింది. ఊపిరి బిగబట్టింది. మైకు మోగుతోంది కనుక ఆ బిగబట్టడం కూడా కోట గోడ దాకా వినిపించింది.

"ఏమీ కాలేదే," అంది. చప్పరమంతా "కాలేదే" అని మోగింది. ఆవిడకు అనుమానం వచ్చింది. "రేయ్, స్విచ్చి ఏసినావా?"

"ఏసినా అక్కా. నీ గొంతే మోగుతా ఉండాది చూడు."

అక్క ఇంకా గట్టిగా పట్టింది. మైకును బుగ్గకు ఆనించింది. చెవికి ఆనించింది. నాలుక చాపబోతే బావ కళ్లు తెరిచి "సాలు, సాలు!" అని అరిచాడు. గిటారు తీగల్లోంచి "గ్రాంగ్" అని ఒక శబ్దం వచ్చింది, బంతిలో కూర్చున్నవాళ్ల ఆకులు కదిలాయి, అంతే. అక్క గిటారును అటూ ఇటూ తిప్పి చూసి, బావ చేతిలో పెట్టింది.

"వాయించండి. కమ్మికి నీళ్లిడిసేది మాత్రం ఇంకొకరికి అప్పజెప్పను," అని చెంబు తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది.

మా బావ ఆ సాయంత్రం వాయించినట్టు మళ్లీ ఎప్పుడూ వాయించలేదంటే అబద్ధం, తర్వాత ఇంకా చాలా ఏళ్లు బాగానే వాయించాడు. కాని ఆ రోజు పెళ్లికొడుకే కుర్చీ వదిలేసి వచ్చి మా ముందు నిలబడ్డాడు. కుర్చీ కింద తీగ ఉందని భయపడి కాదు అని మేనమామ అందరికీ విడివిడిగా చెప్పాడు. రసంలో ఉప్పు లేకపోయినా ఎవరూ గమనించలేదు.

మధ్యలో ఒక పాటకు నాకు పని లేక చప్పరం వెనక్కి వెళ్లాను. అక్కా, అవ్వా గుంత పక్కన పీటలు వేసుకుని, పాటకు వీపు చేసి కూర్చున్నారు. అక్క మిరపనారుకు పోసినట్టు కమ్మి చుట్టూ నీళ్లు పోస్తోంది.

"మీ ఆయన బాగా పాడతాడా అమ్మణ్ణీ? నాకు చెవులు సరిగా వినబడవు," అంది అవ్వ.

"బాగో లేదో నాకు తెలీదవ్వా," అంది అక్క, చెంబు వంచుతూ. "ఇంకా పాడతానే ఉండాడు కదా."